23లో 2 అంటే రెండు పిక్కలే చూపిస్తున్నారు: పదులు, ఒకట్లు ఎక్కడినుంచి మొదలుపెట్టాలి?

లంకబడి (రాజోలు వైపు) అనే టీచరు అడిగిన ప్రశ్న; ఈనెపుల్ల, పంటకాలువ, గుడ్లట్ట అనే పేర్లతో ముగ్గురు రాసిన జవాబులు

నమస్కారమండి. 2వ తరగతి, 22 మంది పిల్లలు. వందదాకా గడగడా అప్పజెప్పేస్తారు, తప్పుల్లేకుండా రాస్తారు. "23 = __ పదులు __ ఒకట్లు" అని ఖాళీలు ఇస్తే 2, 3 అని అందరూ నింపేస్తారు. అక్కడికి వచ్చేసినట్టే కనిపిస్తుంది. తీరా 23 చింతపిక్కలు ముందు పోసి, పలక మీద 23 రాసి "ఇందులో ఈ 2 ఏ పిక్కలో చూపించు" అంటే సగం మందికి పైగా రెండే రెండు పిక్కలు పక్కకి జరుపుతున్నారు.

మిగతా తప్పులు కూడా రాస్తున్నాను, కారణం ఒకటేనా వేరువేరా అన్నది చెప్పండి. "నూట ఐదు" అంటే 1005 రాస్తారు. "ఫోర్టీన్" అంటే కొందరు 41 వేస్తారు, అదే "పద్నాలుగు" అంటే 14 సరిగ్గానే వేస్తారు. 29 తర్వాత "ఇరవై పది" అంటారు. 42లోంచి 17 తీసెయ్యమంటే 35.

బడిలో స్థాన విలువల పట్టిక, పూసల చట్రం ఉన్నాయి. వాటితోనే గట్టిగా చేయించాలా, ఇంకా వెనక్కి వెళ్ళాలా? వెళ్తే ఎన్నాళ్ళు పడుతుంది? కొనేవి కాకుండా ఇక్కడ దొరికేవాటితో అయితే మంచిది. పక్కనే అంగన్‌వాడీ ఉంది, ఆ చిన్నపిల్లలకి ఇప్పటినుంచే ఏం చేయిస్తే ఈ ఇబ్బంది రాదో అదీ చెప్పండి.

ఈనెపుల్ల

వెనక్కి వెళ్ళాలండి. పట్టిక, పూసల చట్రం మూడు వారాలు బీరువాలో పెట్టెయ్యండి.

ఎందుకంటే, పట్టికలో పిల్లవాడు చేసేది అంకెల్ని గళ్ళలో సర్దడమే. ఎడమది ఎడమ గడిలో, కుడిది కుడి గడిలో. దానికి పది అంటే ఏంటో తెలియక్కర్లేదు. పూసల చట్రంలోనూ అంతే. పదుల తీగ మీది పూసా ఒకట్ల తీగ మీది పూసా ఒకే సైజులో ఉంటాయి. ఆ ఒక్క పూసలో పది దాగున్నాయని పిల్లవాడు మన మాట నమ్మి ఒప్పుకోవాలి. పదిని తన చేత్తో కట్టి, అవసరమైతే విప్పి చూసినవాడికే ఆ నమ్మకం కుదురుతుంది.

కాబట్టి కొబ్బరి ఈనెలు. మన దగ్గర వాటికి కరువు లేదు. మొదలు మందంగా, కొస సన్నగా ఉంటుంది కాబట్టి రెండు వైపులా కోసేసి మధ్యభాగమే వాడండి. లేకపోతే ఒక కట్ట లావుగా, ఇంకోటి సన్నగా వచ్చి, లావు కట్టలో ఎక్కువున్నాయని పిల్లలు వాదిస్తారు. 10 నుంచి 12 సెంటీమీటర్ల ముక్కలు చాలు. కొనలు వాడిగా లేకుండా కత్తెరతో తుంచండి, కంటికి ప్రమాదం. పచ్చి ఈనెలు సంచిలో పెడితే ఈ తేమకి బూజు పడతాయి, రెండు మూడు ఎండలు తగలనివ్వండి. ఇద్దరికి 120 పుల్లల చొప్పున 11 జతలకి 1320 కావాలి. 120 ఎందుకంటే వంద దాటి ఇంకా కొన్ని ఉండాలి.

కట్టడానికి రబ్బరుబ్యాండ్లు వేసవిలో జిగురై అతుక్కుపోతాయి. పాత సైకిల్ ట్యూబుని అడ్డంగా అర సెంటీమీటరు వెడల్పు ఉంగరాలుగా కోయండి, ఏడాది పొడుగునా ఉంటాయి. అరటినారతో ఆరేళ్ళ పిల్లలు ముడి వెయ్యలేరు, ఎండితే అది తెగుతుంది కూడా.

ఇక పని. రోజుకి 20 నుంచి 25 నిమిషాలు.

మొదటి వారం అంకెలు రాయొద్దు. జతకి గుప్పెడు పుల్లలు, 30కీ 60కీ మధ్య వచ్చేటట్టు. ముందు ఊహించమనండి: "ఎన్ని ఉంటాయి?" తర్వాత పదేసి కట్టి, మిగిలినవి విడిగా పెట్టాలి. "ఎన్ని కట్టలు? విడివి ఎన్ని? మొత్తం ఎన్ని?" ఈ మూడో ప్రశ్న దగ్గరే అసలు సంగతి బయటపడుతుంది. నాలుగు కట్టలు, మూడు విడిపుల్లలు ఉంటే కొందరు "ఏడు" అంటారు. కొందరు కట్టలు విప్పి ఒకటినుంచి లెక్కపెడతారు. విప్పనివ్వండి. రెండు మూడుసార్లు విప్పి లెక్కపెట్టి అదే సంఖ్య వచ్చాక, "పది, ఇరవై, ముప్పై, నలభై, నలభై ఒకటి..." అని వాళ్ళే కట్టల మీద నుంచి దూకుతారు. మీరు తొందరపడి ఆ దారి చెప్పేస్తే పాట నేర్చుకుంటారు గానీ కట్ట మీద నమ్మకం రాదు.

మీరు ముందే కట్టి ఇవ్వకూడదు. కట్టడమే పాఠం. అప్పుడప్పుడు తొమ్మిది పుల్లల కట్ట ఒకటి కలిపెయ్యండి, "ఇందులో దొంగకట్ట ఏది?" అంటే పది కచ్చితంగా పదే ఉండాలన్నది బాగా నాటుకుంటుంది.

రెండో వారం చాప మీద సుద్దతో నిలువు గీత. ఎడమవైపు కట్టలు, కుడివైపు విడివి. కింద పలక పెట్టి అంకెలు వేయించండి. ఇక్కడ జారే పొరపాటు ఒకటుంది: మీరు ఎదురుగా కూర్చుంటే మీ ఎడమ పిల్లవాడికి కుడి అవుతుంది. పక్కన కూర్చుని చూపించండి. విడివి పది అయిన క్షణాన కట్టి గీత దాటించాలి, అదే నియమం. గీతకి కుడివైపు 10 ఎప్పుడూ ఉండకూడదు. అందుకే ఒక గడిలో ఒక అంకే పడుతుందని అప్పుడు చెప్పొచ్చు. పిల్లలకి అది కొత్త సంగతిలా అనిపించదు, అప్పటికే చేస్తున్న పని.

మీ 23 పిక్కల పరీక్షని 16తో చెయ్యండి, తక్కువ ఉంటే బాగా కనిపిస్తుంది. పలక మీద 16. "ఈ 6కి ఎన్ని పిక్కలు?" ఆరు పక్కకి పెడతాడు. "ఈ 1కి?" ఒకటి పెడతాడు. మధ్యలో తొమ్మిది పిక్కలు దిక్కు లేకుండా మిగులుతాయి. అప్పుడు తప్పు అనొద్దు. ఆ తొమ్మిదింటినీ చూపించి "మరి ఇవి ఎక్కడివి?" అని అడిగి ఊరుకోండి. కట్టలు కట్టిన పిల్లలు కాసేపు చూసి ఆ ఒకటినీ ఈ తొమ్మిదినీ కలిపి దగ్గరికి లాగుతారు. లాగితే ముందుకి వెళ్ళొచ్చు. లాగనివాళ్ళకి ఇంకో వారం కట్టలే.

పంటకాలువ

మీరు రాసిన తప్పుల్లో మూడింటికి కారణం సంఖ్యల పేర్లేనండి. అందుకే వాటికి వైద్యం వేరు.

తెలుగులో పదమూడు, పద్నాలుగు, పదిహేను, పదహారు, పదిహేడు అన్నిట్లో "పది" ముందు వినిపిస్తుంది. రాసేటప్పుడు కూడా 1 ముందు. చెవీ చెయ్యీ ఒకే దారిలో వెళ్తాయి. ఇంగ్లీషులో ఫోర్టీన్, సిక్స్‌టీన్ అన్నప్పుడు ఒకట్లు ముందు వినపడతాయి, పిల్లవాడు విన్న వరసలోనే 4 వేసి పక్కన 1 వేస్తాడు. దానికి తోడు ఫోర్టీన్, ఫార్టీ చెవికి దగ్గర దగ్గరగా ఉంటాయి. మన పాఠ్యపుస్తకాలు ఇప్పుడు రెండు భాషల్లో ఉన్నాయి కాబట్టి పిల్లలు రెండూ ఒకేసారి వింటున్నారు. 11 నుంచి 19 వరకు కట్టలతో చేసేటప్పుడు తెలుగు పేరే వాడండి. ఒక కట్ట, నాలుగు పుల్లలు చేతిలో ఉన్నప్పుడు "పది, నాలుగు, పద్నాలుగు" అని సాగదీసి చెప్పించండి. పన్నెండు, పంతొమ్మిది మాత్రం పదిని కొంచెం దాస్తాయి, వాటిని "పది రెండు, పది తొమ్మిది" అని ఒక వారం పలికిస్తే నష్టం లేదు. ఇంగ్లీషు పేరు పరిమాణం కుదిరాక తగిలించండి.

"ఇరవై పది" అన్న పిల్లవాణ్ణి ఆపొద్దు. వాడన్నది నిజం. ఇరవై, ఇంకో పది. పుల్లలతోనే అనిపించండి: రెండు కట్టలు, తొమ్మిది విడివి, ఇంకొకటి వేస్తే విడివి పది అయ్యాయి, కట్టు. ఇప్పుడు మూడు కట్టలు, పేరు ముప్పై. ముప్పైలో "ము" మూడే. నలభైలో నాలుగు, అరవైలో ఆరు, ఎనభైలో ఎనిమిది వినపడతాయి. డెబ్బైలో ఏడు వినపడదు. అందుకే పిల్లలు డెబ్బై దగ్గర ఎక్కువ తడబడతారు, అక్కడ కట్టల లెక్కతో పాటు పేరు కూడా చెప్పించాలి.

ఇక 1005. పిల్లవాడు "నూట" వినగానే తనకి తెలిసిన వంద మొత్తం 100 రాసి, పక్కన 5 అంటించాడు. నూట ముప్పై ఐదు అంటే 100305 కూడా వేస్తారు. ఇది అజాగ్రత్త కాదు, చెప్పింది చెప్పినట్టు రాయడం. దీనికి ఒకదాని మీద ఒకటి పేర్చే అట్టముక్కలు చెయ్యండి. పాత శుభలేఖల అట్ట సరిపోతుంది. అన్నీ 5 సెంటీమీటర్ల ఎత్తు. ఒకట్లవి 4 సెంటీమీటర్ల వెడల్పు, 1 నుంచి 9. పదులవి 8 సెంటీమీటర్లు, 10 నుంచి 90. వందలవి 12 సెంటీమీటర్లు, 100 నుంచి 900. మొత్తం 27 ముక్కలు. ప్రతి అంకే సరిగ్గా 4 సెంటీమీటర్ల చోటులో పడాలి, చేత్తో రాసేటప్పుడు ఇక్కడే పాడవుతుంది. ముందు పెన్సిలుతో గళ్ళు గీసుకోండి.

100 ముక్క కింద, దాని మీద 30, దాని మీద 5. కుడి అంచులు కలిపితే 135 కనిపిస్తుంది. విడదీస్తే మళ్ళీ 100, 30, 5. విస్తరణ రూపం అంటే ఇదే. తర్వాత "నూట ఐదు" అడగండి. పదుల ముక్క ఏదీ తియ్యడు, 100 మీద 5 పెడతాడు. చివరి సున్న మీద 5 కూర్చుంటుంది, మధ్య సున్న అలాగే బయట ఉంటుంది. విడిగా పదుల కట్ట ఒక్కటీ లేదు కాబట్టే ఆ సున్న అక్కడ ఉందని వేలు పెట్టి చూపించగలుగుతాడు. ఈ ముక్కలు మాత్రం పుల్లల తర్వాతే. ముందే ఇస్తే ఇవీ అంకెల ఆటే అవుతాయి.

గుడ్లట్ట (తణుకు)

అంగన్‌వాడీ సంగతి నేను చెబుతాను.

ఆ వయసుకి పదులు వద్దు. పదిలోపు పరిమాణాలు బాగా తెలియాలి. లెక్కపెట్టడంలో ఏమేం ఇమిడి ఉన్నాయో గెల్మన్, గాలిస్టెల్ అనే ఇద్దరు పరిశోధకులు 1978లో విడదీసి చెప్పారు. ఒక్కో వస్తువుకి ఒక్కో మాటే, మాటల వరస మారకూడదు, చివర అన్న మాటే మొత్తం, ఏ వస్తువులైనా ఇదే పద్ధతి, ఏ చివరినుంచి మొదలెట్టినా అదే జవాబు. మన పిల్లల్లో మూడోది ఎక్కువ లోపిస్తుంది. ఏడు మూతలు లెక్కపెట్టాక "ఎన్ని?" అంటే మళ్ళీ ఒకటి నుంచి మొదలెడితే, ఏడు అనేది ఆ చివరి మూత పేరనుకుంటున్నాడని అర్థం. "ఏడు మూతలు నా చేతిలో పెట్టు" అనడం మంచి పరీక్ష. ఆపాల్సిన చోట ఆపుతాడా లేదా అన్నది చూడండి.

చింతపిక్కలు ముక్కులో, నోట్లో పెట్టుకునే వయసు కాబట్టి మూడేళ్ళ లోపు పిల్లల దగ్గర అసలు వద్దు.

లెక్కపెట్టకుండా చూడగానే చెప్పగలిగేది మూడో నాలుగో. ఆపైన అయితే విడగొట్టుకుని చూడాలి. అట్టపళ్ళేల మీద చుక్కలు పెట్టి రెండు సెకన్లు చూపించి దాచెయ్యండి. ఆరు అంటే "మూడూ మూడూ" అని, "నాలుగూ రెండూ" అని చెప్పేదాకా. ఒకే సంఖ్యని వేరువేరు అమరికల్లో పెట్టాలి, లేకపోతే బొమ్మని గుర్తుపెట్టుకుంటారు. చుక్కల ముగ్గు కూడా దీనికి పనికొస్తుంది.

గుడ్ల ట్రే బాగా వాడుకోవచ్చు. 30 గుడ్ల ట్రేలో 6 వరసలు, వరసకి 5. రెండేసి వరసల చొప్పున అడ్డంగా కోస్తే మూడు ముక్కలొస్తాయి, ఒక్కోదాంట్లో పది గుంటలు, ఐదు మీద ఐదు. గుడ్లు పెట్టి తీసినది వాడొద్దు. అది కాగితపు గుజ్జు, కడగడానికి కుదరదు, క్రిములు ఉండొచ్చు. దుకాణంలో కొత్తది అడగండి. గుంటకో మూత చొప్పున పై వరస ఎడమనుంచి నింపించండి. ఎనిమిది పెట్టాక "ఎన్ని ఉన్నాయి?" కంటే "నిండడానికి ఇంకా ఎన్ని?" అనే ఎక్కువసార్లు అడగండి. ఖాళీ గుంటలు కళ్ళముందే ఉంటాయి కాబట్టి 8కి 2, 7కి 3 అన్నవి వల్లె వెయ్యకుండానే వస్తాయి. 1వ తరగతిలో 8+5 అన్నప్పుడు ఆ ఐదులోంచి రెండు తీసి ఇక్కడ నింపి, పది మూడు అని చెప్పడానికి దారి ఇదే.

వేళ్ళ గురించి ఒక మాట. పెద్దవాళ్ళు బొటనవేలితో కణుపులు లెక్కపెడితే చెయ్యికి 12 వస్తాయి. పిల్లలకి ముందు వేలికి ఒకటి, చెయ్యికి ఐదు, రెండు చేతులకి పది. కణుపులు తర్వాత నేర్చుకుంటారు.

అరటి హస్తాల్ని గుంపులకి ఉదాహరణగా చూపించకండి, హస్తానికి కాయలు సమానంగా ఉండవు. ఊహించి చెప్పడానికి మాత్రం బాగుంటాయి.

లంకబడి

చాలా ఉపయోగపడిందండి. రెండు సందేహాలు. 42 − 17 = 35 సంగతి ఎవరూ చెప్పలేదు. రెండోది, పిల్లలకి డబ్బులు బాగా తెలుసు, కొట్టుకి వెళ్తారు. పుల్లల బదులు పది రూపాయల నోట్లు, రూపాయి బిళ్ళలతో మొదలెడితే త్వరగా అవ్వదా? ఇంకా నిపుణ్ భారత్ (చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు రావాలనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం) ప్రకారం 2వ తరగతి చివరికి 999 దాకా రావాలి, మూడు వారాలు కట్టలకే ఇస్తే వెనకబడమా?

పంటకాలువ

డబ్బు విషయంలో నేను కొంచెం ఉదారంగా ఉంటాను. కొట్టుకి వెళ్ళే పిల్లలకి రెండో వారంలోనే చిన్న కొట్టు ఆట పెట్టొచ్చు. అయితే 1, 10, 100 మాత్రమే ఉంచండి. 2, 5, 20, 50 తీసెయ్యాలి, అవి ఉంటే పదేసి మార్చడం అనే పని కనిపించదు.

ఈనెపుల్ల

ఇక్కడ నేను ఒప్పుకోలేనండి. పది నోటుతో బిస్కట్టు వస్తుందని తెలియడం వేరు, ఆ నోటులో పది రూపాయి బిళ్ళలు ఉన్నాయని తెలియడం వేరు. ఐదు బిళ్ళలూ ఒక పది నోటూ పెట్టి ఏవి ఎక్కువంటే బిళ్ళలు చూపించే పిల్లలు 2వ తరగతిలో కూడా ఉంటారు. నోటుని విప్పలేం. పుల్లల కట్ట పది పుల్లలంత లావుగా ఉంటుంది, నోటు అలా ఉండదు, పూసల చట్రానికి వచ్చిన ఇబ్బందే ఇదీ. కట్టలు గట్టిపడ్డాక, వందల దగ్గర డబ్బు చాలా బాగా పనిచేస్తుంది. అప్పుడు పూసల చట్రం కూడా బయటికి తియ్యండి.

42 − 17 గురించి. పిల్లవాడు ప్రతి గడినీ విడిగా చూసి పెద్దదాంట్లోంచి చిన్నది తీస్తున్నాడు: 7లో 2 పోతే 5, 4లో 1 పోతే 3. రెండు గడులూ కలిసి ఒకే సంఖ్య అన్న స్పృహ లేదు. నాలుగు కట్టలు, రెండు విడివి ఇచ్చి పదిహేడు అడగండి. ఒక కట్ట ఇచ్చేస్తాడు, ఏడు విడివి కావాలి, రెండే ఉన్నాయి. ఏం చెయ్యాలో మీరు చెప్పక్కర్లేదు, కట్ట విప్పుతాడు. 12 విడివి అయ్యాయి, ఏడు ఇస్తే ఐదు, కట్టలు రెండు మిగిలాయి. 25. "అప్పు తెచ్చుకో" అన్న మాట ఈ దశలో వాడకండి. అప్పంటే తిరిగి ఇవ్వాలి, ఇక్కడ ఎవరూ ఇవ్వరు. "కట్ట విప్పు" అంటే చాలు. కూడికలో "చేతిలో ఒకటి" బదులు "కట్ట కట్టు". 27+15లో 12 విడివి వస్తే పది కట్టి గీత దాటిస్తాడు, ఆ ఒకటి పది అని వాడికి తెలుసు.

దీనికి ముందు రెండు రోజులు ఒకే సంఖ్యని రకరకాలుగా చూపించమనండి. 42 అంటే నాలుగు కట్టలు రెండు, మూడు కట్టలు పన్నెండు, రెండు కట్టలు ఇరవై రెండు. చాలా తరగతుల్లో ఈ పని వదిలేస్తారు, తీసివేత అక్కడే పడిపోతుంది.

సంఖ్యల పట్టిక గోడకి తగిలించాలనుకుంటే 1 నుంచి 100 కంటే 0 నుంచి 99 ది మేలు. 30 నుంచి 39 దాకా ఒకే వరసలో ఉంటాయి. మొదటి రకంలో 30 వెళ్ళి ఇరవైల వరస చివర కూర్చుంటుంది. పది కలిపితే సరిగ్గా కింది గడి. పాములు నిచ్చెనల అట్టని దీనికి వాడొద్దు, వరస మారినప్పుడల్లా దిక్కు తిరుగుతుంది కాబట్టి పది కలిపితే పైగడి రాదు.

నిపుణ్ లక్ష్యం 1వ తరగతికి 99, 2వ తరగతికి 999, 3వ తరగతికి 9999. రెండంకెలు కట్టలతో కుదిరితే మూడంకెలకి కొత్త సూత్రమేమీ లేదు, పది కట్టల్ని కలిపి పెద్ద ట్యూబు ఉంగరం వెయ్యడమే. అందువల్ల ఆ మూడు వారాలు పోవు.

వందకట్టలు వచ్చాక తరగతిలో అందరి పుల్లలూ ఒకచోట పోయించండి. 1320 కదా: 13 వందకట్టలు, 2 పదికట్టలు. అందులో పది వందకట్టలు తీసి కొబ్బరికాయల గంపలో వేయిస్తే వెయ్యి. అంబాజీపేట మార్కెట్‌లో కొబ్బరికాయ ధర వెయ్యి కాయలకే చెబుతారు, ఆ మాట మీ పిల్లలు ఇంట్లో వింటూనే ఉంటారు. గంప ఎత్తి చూడమనండి, తర్వాత పలక మీద 1320 రాయించి ఆ 1 గంపలో ఎక్కడుందో చూపించమనండి.

గుడ్లట్ట (తణుకు)

ఒక చేర్పు. ట్యూబు ఉంగరాలు అర సెంటీమీటరు కంటే సన్నగా కోస్తే చిన్నచేతులు సాగదీసినప్పుడు తెగి ముఖానికి తగులుతాయి. వందకట్టకి మోటారుసైకిల్ ట్యూబు తీసుకోండి.